అత్తగారి బొమ్మ గోడకెక్కిన వారం

మనిషికి రెండు చేతులే ఎందుకుంటాయో అని నేను విసుక్కున్నది నా పెయింటింగుల మొదటి ఎగ్జిబిషన్ జరిగిన వారంలో. పొద్దున్నే బెజవాడలో స్కూలుకి వెళ్ళి పిల్లలకు డ్రాయింగ్ చెప్పాలి. మధ్యాహ్నం ప్రెస్సులో ఆహ్వానాల పని చూసుకోవాలి. సాయంత్రం హాలు ఎలక్ట్రీషియన్‌తో లైట్ల గురించి గొడవపడాలి. ఆపైన బస్సెక్కి కొండపల్లిలో దిగి, ఇంట్లో మిగిలిన బొమ్మలకు వార్నిష్ పూయాలి. మా ఆయనది థర్మల్ స్టేషన్‌లో షిఫ్టుల ఉద్యోగం. సరిగ్గా ఆ వారమే ఆయనకు నైట్ షిఫ్టు పడింది. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి నేను చెప్పులేసుకుంటూ ఉండేదాన్ని. గుమ్మంలో ఎదురుపడి ఒకరినొకరు టిఫిన్ తిన్నావా అని అడగడమే ఆ వారం మా కాపురం.

అయినా ఇల్లు నడిచిందంటే మా అత్తగారి పుణ్యమే. మావయ్యగారు పోయాక ఆవిడ కంకిపాడు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. మా పాపకు స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆవిడ దగ్గరే. ఆవిడే లేకపోతే నేను పెళ్ళికి ముందు ఎప్పుడో బొమ్మలు వేసేదాన్నని చెప్పుకుంటూ బతికేదాన్ని. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

అందుకే నేను వేసినవాటిలో అన్నిటికంటే పెద్ద బొమ్మ ఆవిడది. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తున్న బొమ్మ. ఆవిడకు చెప్పకుండా, ఆవిడ ఆకుకూర ముందేసుకున్నప్పుడల్లా దొంగచూపులు చూసి గీసుకుని వేశాను. పూర్తయ్యేదాకా దాని మీద గుడ్డ కప్పి ఉంచాను. హాలు నడిపే పెద్దాయన నాకు అవకాశం ఇచ్చిందే ఆ బొమ్మ చూసి. ఆహ్వానం మీద కూడా దాన్నే వేయించారు.

ఫ్రేము కట్టడానికి వన్ టౌన్‌లో ఒక షాపులో ఇచ్చాను. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయిన పెద్దవాళ్ళ ఫోటోలు కట్టడంలో ఆ షాపుకు మంచి పేరు. ఆ సందులో తోపుడుబండ్లు, ఆటోల హారన్ల మధ్య ఫ్రేము రంగు చెప్పి బయటపడటమే గొప్ప. ఎందుకు కట్టిస్తున్నానో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. బుధవారం వాళ్ళు పటాన్ని ట్రాలీ ఆటోలో ఇంటికి పంపేశారు. నేను స్కూల్లో ఉన్నాను. తలుపు తీసింది మా అత్తగారు.

నేను వచ్చేసరికి పటం ముందుగదిలో గోడకు ఆనించి ఉంది. దానికి గంధపు చెక్కల దండ వేసి ఉంది. పెద్దావిడ ఒక్కరే ఉన్న పటం అంత పెద్దది కట్టించారంటే ఇక సంగతి వేరే చెప్పాలా అనుకుని, షాపువాళ్ళు పాపం మర్యాదకు తమ తరఫున దండ కూడా వేసి పంపారు. ఒళ్ళు మండి షాపాయనకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోగానే ఆయన గొంతు తగ్గించి, పెద్దకర్మ ఏ రోజమ్మా అని అడిగాడు. ఆ మర్యాదకు ఎలా తిట్టాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

అత్తగారు నన్ను భోజనానికి పిలిచారు. కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, అప్పుడు అన్నారు.

"ఆ బొమ్మ గోడకి పెట్టొద్దమ్మా. బతికున్న మనిషికి మంచిది కాదు."

దండ తీసేశాను కదా అన్నాను. ఇది ఫోటో కాదు, ఆర్టు అన్నాను. నిజానికి ఆవిడ చెప్పింది నాకు తెలియనిదేమీ కాదు. మా వైపు గోడల మీద పెళ్ళి ఫోటోలుంటాయి, పిల్లలతో దిగినవి ఉంటాయి. మనిషి ఒక్కరే, అంత పెద్దగా, ఫ్రేములో గోడకెక్కేది పోయాకే. నేను దాన్ని బొమ్మ అనుకుంటూ నెలల తరబడి వేశాను. దండ పడేసరికి అది పటం అయిపోయింది.

మర్నాడు హాలు పెద్దాయనకు సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు కానీ, ఆ బొమ్మ లేకపోతే ఈ ఎగ్జిబిషన్ లేదన్నారు. అందరూ దాన్నే చూడటానికి వస్తారని, ఇంట్లో ఒప్పించుకుని రమ్మని అన్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇబ్రహీంపట్నం దాకా అత్తగారి మీద రగిలిపోయాను. ఆ తర్వాత నాకే సిగ్గేసింది. నేను ఇలా బస్సులో కూర్చుని తీరిగ్గా కోపం తెచ్చుకుంటున్న వేళకు అక్కడ నా కూతురికి అన్నం కలిపి పెడుతున్నది ఆవిడే కదా. ఎగ్జిబిషన్ పోతే పోయింది, ఆవిడను బాధపెట్టి గోడకెక్కించను అని తీర్మానించుకున్నాను. గొప్పగా తీర్మానించుకున్నానే గానీ, ఇల్లు చేరేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

శుక్రవారం స్కూలుకి సెలవు పెట్టాను. పటానికి దుప్పటి చుట్టి మంచం వెనక పెట్టబోతుంటే అత్తగారు ఆగమన్నారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి దాని ఎదురుగా కూర్చున్నారు. దండ లేకుండా ఆవిడ దాన్ని సరిగా చూడటం అదే మొదలు. ఆ వెలిసిపోయిన నీలం చీరే దొరికిందా, బీరువాలో మంచివి లేవా అని నన్ను తగులుకున్నారు. ముక్కు కాస్త పెద్దదైందన్నారు. తర్వాత గోడ మీదున్న మావయ్యగారి ఫోటో చూశారు. మళ్ళీ బొమ్మ చూశారు.

"పోయినవాళ్ళ ఫోటోల్లో చేతులుండవు గదమ్మా. మెడ దాకా ఉండి, మనల్నే చూస్తా ఉంటారు. ఈవిడ ఎవర్నీ చూట్టం లేదు, తన పని తను చేసుకుంటా ఉంది. పోయినోళ్ళు గోంగూర వలుస్తారా ఏంటి? తీసుకెళ్ళి పెట్టుకో."

నేను ఆవిడను గట్టిగా పట్టుకున్నాను. పొయ్యి మీద కూర మాడుతోందని విడిపించుకుని లేచారు. గంధపు దండను మాత్రం పారేయనివ్వలేదు. దులిపి, వంటింట్లో వెంకటేశ్వరస్వామి పటానికి వేశారు.

శనివారం హాలు నిండింది. మా ఆయన నిద్ర మానుకుని వచ్చి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తున్నాడు. అత్తగారు పాపను చంకనేసుకుని, రెండో చేత్తో క్యారేజీ పట్టుకుని వచ్చారు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి ఆవిడ బొమ్మ ముందు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, నా వైపు తిరిగి, ఎప్పుడు పోయారండీ అని మెల్లగా అడిగారు. అత్తగారే ముందుకొచ్చారు.

"ఇంకా పోలేదండీ. కోడలు పొద్దుట్నుంచి తిన్లేదని అన్నం తెచ్చాను."

ఆయన బిత్తరపోయి, ఆ తర్వాత నవ్వేసి, ఆవిడకూ ఒక నమస్కారం పెట్టారు.

జనం పలచబడ్డాక ఆవిడ కుర్చీ లాక్కుని బొమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఆ వేళ్ళు, ఆ గాజులు, చెవి వెనక దోపుకున్న తెల్లవెంట్రుకలు అన్నీ నిదానంగా చూశారు. ఇదంతా నన్ను చూసే వేశావా అని అడిగారు. అవునన్నాను. మీరు కూర పని పెట్టుకున్నప్పుడల్లా చూస్తూనే ఉన్నానత్తయ్యా, మీరే గమనించలేదు అన్నాను. ఆవిడ పాపను ఒళ్ళో సర్దుకున్నారు.

"మీ మావయ్యగారు కూడా నన్నింతసేపు చూళ్ళేదమ్మా" అన్నారు.

అని, క్యారేజీ మూత తీసి, ముందు తిను అని నా చేతికి గిన్నె ఇచ్చారు. నేను అందరి ముందూ ఏడుస్తూనే తిన్నాను.