బీరువాలో లేని టీసీ

ఏ కాలేజీ వాళ్లయినా ఇంటికొచ్చి మరీ పిలుస్తున్నారంటే నాకు అనుమానమే. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికే ఇబ్రహీంపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీ లెక్చరరు బైకు మీద మా ఊరొచ్చి, మా అరుగు మీద కూర్చున్నాడు. ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించకపోతే తన ఉద్యోగం ఉండదని ఆయనే చెప్పాడు. నాకేం పాపమనిపించలేదు. హన్మకొండలో చేరతానన్నాను.

"హన్మకొండల ఏమున్నదమ్మా? ఈడ సాగర్ రోడ్డెక్కితే జరసేపట్ల ఎల్బీనగర్. మాల్ కావాల్నా, మెట్రో కావాల్నా? మస్తు ఎంజాయ్ చెయ్యొచ్చు," అంటూ ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడు. అందులో ఈతకొలను, దాని వెనక వరసగా కొబ్బరిచెట్లు. మా దిక్కు అన్ని కొబ్బరిచెట్లు ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు.

నా లెక్క నాకుంది. హన్మకొండలో హాస్టల్ నుంచి కాలేజీకి నడిచి పోవచ్చు, సాయంత్రం మిర్చీలు తిని, సినిమా చూసి నడిచే రావచ్చు. అక్కడ చదివే మా పెద్దమ్మ బిడ్డ చెబితే, అదే బాపుకూ చెప్పాను. మరి ఇబ్రహీంపట్నంలో? ప్లాట్ల వెంచర్ల మధ్య కాలేజీ. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ లోపల కాలు పెట్టే చోటుండదు. బస్సు దిగాక ఆటో నిండేదాకా కూర్చోవాలి. సరదా అంటే చెరువు కట్ట మీద ఫోటోలు, బస్టాండు దగ్గర చెరుకురసం, అంతే. పొద్దుగూకేసరికి మళ్లీ ఇంట్లో ఉండాలి.

"సారు మంచిగనే చెప్తుండు బిడ్డా," అన్నాడు బాపు. ఎవరినీ మెచ్చుకోని మనిషి.

హన్మకొండలోనే సీటు వచ్చింది. మూడు రోజుల్లో ఒరిజినల్స్‌తో పోయి చేరకపోతే అది పోతుంది. బీరువా తెరిస్తే ఫైలులో అన్నీ జిరాక్సులే.

"బాపూ, నా మెమో, టీసీ ఏవి?"

"గా సారు చూసి ఇస్తనంటె ఇచ్చిన." నా మొహం చూడకుండా చెప్పులేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒరిజినల్స్ చేతికిచ్చి, అదే కాలేజీలో ఇరుక్కున్న పిల్లలు మా ఊళ్లోనే నలుగురున్నారు. "వాళ్లు తీస్కుంటె మళ్ల ఇస్తరా బాపూ? గంత అమాయకునివా నువ్వు?" అని అరిచాను.

తెల్లారి ఇద్దరం కాలేజీకి పోయాం. ఈతకొలను కోసం వెతికాను. భవనం వెనక నీళ్ల ట్యాంకరు నిలబడి ఉంది.

"సర్టిఫికెట్లు ఇయ్యకుంటే ఈడికెళ్లి కదల," అని లెక్చరరు ముందు కుర్చీలో కూర్చున్నాను.

ఆయన బాపు వైపు తిరిగాడు. "ఏందన్నా ఇది? బిడ్డ వచ్చి అడిగినా ఇయ్యకుండ్రి అని నువ్వే చెప్పి పోతివి గద?"

ఇన్నాళ్లూ ఆ సారును అనుమానించాను.

"ఎందుకు బాపూ?"

"ఆడ అంతటికీ నడిచి పోవచ్చంటివి. నడిచి ఏడికి పోతవో నాకెట్ల ఎరుక?"

ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను. "ఇచ్చెయ్ సారూ," అన్నాడు బాపు.

ఇప్పుడు హన్మకొండలో నాకు రెండో ఏడు. రోజూ సాయంత్రం బాపు ఫోన్ చేస్తాడు. "ఏడున్నవ్?" అంటాడు. ఉన్న చోటే చెప్తాను. "అట్లనా," అంటాడు. కాసేపాగి, హాస్టల్లో నా పక్క గదిలో ఉండే మా పెద్దమ్మ బిడ్డ ఫోన్ మోగుతుంది.