తొంభై తొమ్మిది దాటని ల్యాప్‌టాప్

నా ల్యాప్‌టాప్‌ను చూసి నవ్వినవాళ్ళ పేర్లు రాసి పెట్టుకోలేదు గానీ, రాసి ఉంటే ఈపాటికి మా చర్చి సభ్యుల జాబితా అంత అయ్యేది. ఇటుక అంత మందం. మూత తెరిస్తే కిర్రుమంటుంది. బూడిదరంగు తెర మీద అక్షరాలు తప్ప బొమ్మలు రావు. మా ఊరి బంగారు మైను ఆఫీసులో నేను కంప్యూటర్ మీద పనిచేసిన కాలం నాటిది. మైను మూతపడ్డాక పాత సామాను వదిలించుకుంటుంటే, ఎవరికీ అక్కర్లేదంటే ఇంటికి తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ పనిచేస్తుంది. నేనూ పనిచేస్తున్నాను. మా ఇద్దరినీ మూలన కూర్చోబెట్టాలని చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

దానికి ఉన్న జబ్బు ఒక్కటే. లోపలి గడియారానికి 1999 తర్వాత ఏళ్ళు తెలియవు. ఎప్పుడు ఆన్ చేసినా 1980 జనవరి అంటుంది. నేను ఊరుకుంటానా? ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి పెడితే తేదీలూ వారాలూ అచ్చంగా కలుస్తాయి. ఇది 2026 కాబట్టి 1998 అని పెట్టాను. చర్చిలో పాటలవాళ్ళ వంతులు, పూలు తెచ్చేవాళ్ళ వంతులు అన్నీ ఆ కిటుకుతోనే అచ్చువేస్తున్నాను. కాగితం పైన ఏడాది అంకె మాత్రం పెన్నుతో దిద్దుతాను. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా సోమవారం నాడు రాలేదు.

ఈ జులైలో ఆ కిటుకు నన్ను నడిబజారులో నిలబెట్టింది.

మా సమాధుల తోటలో జాగా తక్కువ. అందుకని పాత కట్టుబాటు ఒకటి ఉంది. ఒకరిని పెట్టిన గుంటను పద్నాలుగేళ్ళు దాటాక తెరిచి, అదే ఇంటివాళ్ళలో ఇంకొకరిని అందులో పెట్టవచ్చు. మొగుడూ పెళ్ళాం ఒకే గుంటలో ఉండటం మాకు మామూలు. ఆ లెక్క చూడటానికి మైను రోజుల్లో నేనే ఒక ప్రోగ్రాం రాశాను. పేరు కొడితే వరుస, నంబరు, పెట్టిన తేదీ, తెరవవచ్చా కూడదా అన్నీ ఒక చీటీ మీద వస్తాయి. కాగితం రిజిస్టరును తర్వాత చెదలు తినేశాయి. సమాధుల మీది ఇనప నంబర్లను పాత ఇనుముకు పీక్కుపోయారు. ఈమధ్య తెరిచినవన్నీ పేరూ తేదీ చెక్కిన రాళ్ళున్నవి కాబట్టి ఆ చీటీతో ఎవరికీ పనిపడలేదు. రాయి వేయించుకోలేనివాళ్ళు ఎక్కడున్నారో మాత్రం నా ల్యాప్‌టాప్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

మైను కార్మికులకు కట్టిన మా లైన్ ఇళ్ళలో రెండిళ్ళ అవతల ఉండే పెద్దమ్మ భర్త అలాంటివాడు. షాఫ్టు కింద రాతికి రంధ్రాలు వేసే పని. ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో తొంభై ఎనిమిది మార్చిలో పోయాడు. ఈ మధ్య డాక్టరు పెద్దమ్మకు గుండె బలహీనంగా ఉందన్నాడు. ఆమె మందులు తీసుకుని ఇంటికి పోకుండా నేరుగా చర్చి కమిటీ సెక్రటరీ దగ్గరకు పోయింది. అక్కడి నుంచి నా దగ్గరకు వచ్చింది.

"పాపా, నన్ను గోడ పక్క కొత్త వరసలో పెడతారంట. మా ఆయప్ప యాడుండాడో వాళ్ళకు తెలీదంట. నీ పెట్టెకు తెలుసు కదా?"

"తెలుసు పెద్దమ్మా."

"అయితే కాయితం తీసియ్యి. నేను పోయినాక మీరు కొట్లాడితే నాకేం తెలస్తాది? ఇప్పుడే నా చేతిలో ఉండాల."

చీటీ తీశాను. ఎండిపోయిన రిబ్బనుకు స్టాంపు ప్యాడు సిరా పూసి, ప్రింటరును గీపెట్టించి మరీ తీశాను. పదకొండో వరుస, ఇరవై మూడు. అలవాటు కొద్దీ పైన ఏడు పెన్నుతో దిద్దాను. కింద ఏముందో చదవకుండా ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీ చేతిలో పెట్టాను. చదివి ఉంటే బాగుండేది.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"అక్కా, ఆ పెద్దమ్మ మొగుడు పోయి నాలుగు నెల్లే అయిందంటాదే ఇది. తెరవకూడదు అని నీ పెట్టే చెప్తా ఉండాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. యంత్రానికి ఇది 1998 జులై. ఆ మనిషిని పెట్టింది 1998 మార్చి. బతికున్నవాళ్ళ వంతులకు సరిపోయిన కిటుకు చచ్చినవాళ్ళ దగ్గర చెల్లలేదు. వాళ్ళ తేదీని ఇరవై ఎనిమిదేళ్ళు కాదు కదా, ఒక్క పూట కూడా వెనక్కి జరపలేం.

"పైన ఏడు దిద్దినావు. ఏడు దిద్దిన చెయ్యి నంబరు దిద్దలేదని కమిటీకి ఎట్ల చెప్పేది? దిద్దుబాటు లేని కాయితం తే. లేదంటే గోడ పక్కనే. ఆ పెట్టెను పారేయక్కా, ఇంగ ఎన్నాళ్ళు?"

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "పారేస్తే మీ అందరి తాతలూ పోతారు దాంతోపాటు. మళ్ళీ ఆదివారానికి తెస్తా" అని వచ్చేశాను.

సోమవారం పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తేదీ మార్చకుండా 1980 మీదే పేరు కొట్టి చూశాను. తేదీ తప్పు, ఈ మనిషిని ఇంకా పెట్టలేదు, అంది ప్రోగ్రాం. ఆ హెచ్చరిక పెట్టిందీ నేనే. పెద్దమ్మ ఏమంటోందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇప్పుడు 1980 అనుకుంటోంది, పెదనాన్న పోవడానికి ఇంకా పద్దెనిమిదేళ్ళు ఉందంటోంది, అని.

"అయితే ఇంటికి పంపీమను. నీళ్ళు మోసేదానికి మనిషి లేక నేను చస్తా ఉండాను."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు ఫ్లాపీల డబ్బా తెరిచాను.

నేను రాసిన ప్రోగ్రాం మూలప్రతిని మూడు ఫ్లాపీల మీద దాచాను. రెండు చదవలేదు. మూడోది గరగరమని, చాలాసేపు బతిమాలించుకుని, తెరుచుకుంది. నా రాతను నేనే చదువుతుంటే సిగ్గేసింది. సంవత్సరానికి రెండంకెలే పెట్టాను. చోటు కలిసొస్తుందని కాదు. మైను ఉన్నంతవరకే ఊరని అప్పట్లో అందరం అనుకునేవాళ్ళం. మైను పోయాక ఇక్కడ చావడానికి కూడా ఎవరూ మిగలరు, ఇక రెండువేల చిల్లర ఏళ్ళ లెక్క ఎవరికి కావాలి అనుకున్నాను. ఊరి మీద నాకే నమ్మకం లేకపోయింది. తప్పు పెట్టెది కాదు, నాది.

ఊరు ఉంది. మేమూ ఉన్నాం. కాబట్టి ఏడుకు నాలుగంకెలు పెట్టాను. పాత పద్దులన్నిటికీ ముందు పందొమ్మిది చేర్చాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. గడియారాన్ని బాగుచేయడం నా వల్ల కాలేదు, దానికి 1999 దాటించే దారి లేదు. అందుకని దాని మాట వినడమే మానేశాను. ఇప్పుడు ప్రోగ్రాం గడియారాన్ని అడగదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఈ రోజు తేదీ రెండుసార్లు అడుగుతుంది. రెండూ ఒకటైతేనే కదులుతుంది.

ఆదివారం చీటీ ఒక్కటే తీసుకుపోలేదు. రాళ్ళున్న సమాధులవి పది చీటీలు తీశాను. పదకొండో వరుసలో ఇరవై రెండు, ఇరవై నాలుగు కూడా అందులో ఉన్నాయి. సెక్రటరీని సమాధుల తోటకు నడిపించాను. బంగారం తీసేశాక మైను పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ మీది నుంచి గాలి దుమ్ము లేపుతోంది. ఆయన ముక్కుకు కర్చీఫు పెట్టుకుని ఒక్కో చీటీనీ రాతి మీది పేరుతో, తేదీతో సరిచూశాడు. పదీ కలిశాయి. ఇరవై రెండుకూ ఇరవై నాలుగుకూ మధ్య ఉత్త మట్టి, కాస్త గడ్డి. పెద్దమ్మ చెప్పులు విడిచి అక్కడ నిలబడింది.

"జరుగు, ఎంత జాగా పట్టినావో" అంది మట్టితో.

సెక్రటరీ ఆమె చీటీ తీసుకున్నాడు. ఏ దిద్దుబాటూ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు దాటింది, తెరవవచ్చు. పక్క సమాధి రాతి మీద పెట్టి సంతకం చేశాడు. గెలిచానని నాకు తెలుసు, మొహాన దాచుకోలేదు కూడా. ఆయన మంచివాడే. "తప్పు నాదేనక్కా, ఆమె పేరు కూడా ఇప్పుడే ఎక్కించేయి, రేపు ఎవరూ అడ్డం చెప్పకుండా" అన్నాడు.

ఇంటికి వచ్చి పెద్దమ్మ ఎదుటే ఎక్కించాను. పేరు తీసుకుంది. వరుస తీసుకుంది. పెట్టిన తేదీ దగ్గర ఆగిపోయింది. అక్కడ ఏదో ఒకటి కొట్టందే ముందుకు పోకుండా రాసినదాన్నీ నేనే.

"ఏమంటాది?"

"నీ తేదీ అడుగుతోంది పెద్దమ్మా."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని తెరకు దగ్గరగా వంగింది.

"అడగనీ. చెప్పేది లేదను. ఖాళీగా పెట్టు."

ఖాళీని కూడా ఒప్పుకునేలా ఆ పూటే ప్రోగ్రాం మళ్ళీ మార్చాను. పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని ఆగింది. "ఇంగా ఖాళీగానే ఉండాదా?" అని అడిగింది. ఉందన్నాను. "ఉండనీ" అని, ఒక్కో మెట్టూ దిగి, నీళ్ళు పట్టుకోవాలని ఇంటికి పోయింది.