మా మేనత్త కొట్టేసిన మాట

పోయిన వారం మంగళవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. నేను ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుండగా ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అక్కడి నుంచే వెనక్కి దిగి చిల్కానగర్‌లోని వాళ్లింటికి ఆటో ఎక్కాను. దారిలో ఏడుపు రాలేదు. ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్న ఒక పెద్దాయన, పాపం చదువు లేని మనిషి, బతుకంతా గొడ్డు చాకిరీ చేసింది అంటుంటే విన్నాను. కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అత్త నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఊళ్లో ఐదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అట్టపెట్టెల మీది మందుల పేర్లు చూసి తనే నేర్చుకుంది. డిగ్రీ అయ్యాక నేను బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని వచ్చి రెండేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాను. పొడుగాటి వాక్యం ఇచ్చి, దానికి బదులుగా ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చెప్పమనే ప్రశ్నలంటే నాకు గుండె దడ. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమవైపు తెలుగులో అర్థం, కుడివైపు ఇంగ్లీషు మాట.

డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్త నాతో ఆ పాఠం అప్పజెప్పించుకునేది. ఆమె అర్థం చదివేది, నేను మాట చెప్పేదాన్ని. నేను తడబడితే తనే కూడబలుక్కుని చదివి సరిదిద్దేది.

మొదటి రోజే "చదవడం, రాయడం రానివారు" అని వచ్చింది. ఇల్లిటరేట్ అనడానికి నాకు నోరు రాలేదు. ఆమే అక్షరం అక్షరం చదివి, "గిది నాకు తగలదు. నేను తెలుగు సదువుత" అని పేజీ తిప్పేసింది.

ఇంకోసారి పోస్ట్యుమస్ వచ్చింది. మనిషి పోయాక ఇచ్చే గౌరవం అని వివరించాను.

"సచ్చినంక ఎవనికి గావాలె? బతికుండంగ ఇయ్యమను" అంది, చిక్కుడు ఈనె తీస్తూ. ఇప్పుడు నేను రాస్తున్నది చూస్తే ఏమనేదో నాకు తెలుసు.

అంత పొడుగు అర్థం ఒక్క మాటలో ఎలా ఇమిడిందని ఆమెకు ఆశ్చర్యం. అంతకు మించి అనుమానం. "మాట పొట్టిగుంటె, దాంట్ల ఏం మూటగట్టిన్రో ఇప్పి సూడాలె" అనేది.

ఆ ఎండాకాలం కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌ను నగరం బయటికి మార్చాలనుకుంది. పాతవాళ్లను తీసుకెళ్లే ఉద్దేశం లేదు. సూపర్‌వైజర్ ఒక్కొక్కరికీ ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఇచ్చి, సెక్షన్ మారుతున్న సంగతి మీకు తెలిసినట్టు సంతకం పెట్టండి అన్నాడు. నలుగురు పెట్టేశారు. అత్త కాగితం ముందేసుకుని చదువుతూ కూర్చుంది. చాలావరకు అర్థం కాలేదు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. వాలంటరీ. మా నోట్‌బుక్‌లో దానికి ఎడమవైపు "ఎవరి బలవంతమూ లేకుండా, సొంత ఇష్టంతో" అని ఉంటుంది. దాని పక్కనున్న రిజిగ్నేషన్ అంటే పని మానుకోవడమని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా, కంపెనీలో అందరికీ తెలుసు.

"సార్, నా ఇష్టంతోని పోతున్న అని నేనెప్పుడు జెప్పిన?" అని అడిగింది.

అదంతా ఊరికే రాసేదేనని ఆయన నసిగాడు. అత్త ఆయన జేబులోని పెన్నే అడిగి తీసుకుని, ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టింది. సంతకం పెట్టకుండా కాగితం తిరిగి ఇచ్చేసింది. తర్వాత ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి ఆ మాటకు అర్థం చెప్పింది. ఇంకో పదకొండు మంది కాగితాలు తిప్పి ఇచ్చారు.

మర్నాడు వాళ్లను గేటు లోపలికి రానివ్వలేదు. మూడు రోజులు బయటే కూర్చున్నారు. నాలుగో రోజు యాజమాన్యం దిగొచ్చి, ఆ పన్నెండు మందినీ కొత్త చోటికి తీసుకుపోవడానికి ఒప్పుకుని బస్సు పెట్టింది. అక్కడ అత్తను కావాలనే రోజంతా నిలబడి చేసే పనిలో వేశారు. మోకాళ్లు అరిగాయి. రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా కుర్చీ అడగలేదు. సంతకం పెట్టి పని పోగొట్టుకున్న ఆ నలుగురి మాట ఎత్తితే మాత్రం ఆమె ముఖం చిన్నబోయేది. "నేను జర జల్ది సదివి ఉంటే ఆళ్ల పని పోకపోతుండె" అనేది.

నాకు బ్యాంకు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఏ మాట నేర్పినా, దాన్ని ఎవరు ఎవరితో అంటారని పిల్లల్ని అడుగుతాను. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు, అత్త నేర్పింది. రేపు పదో రోజు. ఆ పెద్దాయన మళ్లీ వస్తాడు, మళ్లీ చదువు లేని మనిషి అంటాడు. నేను అందరి ముందూ కాదంటాను.

ఆనాడు కంపెనీ గేటు మూసిన మొదటి పొద్దున క్లాసు మానేసి నేనూ అక్కడికి వెళ్లాను. పక్కన కూర్చోబోతే అత్త ఒప్పుకోలేదు. "నీకు క్లాసున్నది, పో బిడ్డా. గిది మా డ్యూటీ టైము" అంది. ఆటోలోంచి వెనక్కి తిరిగి చూశాను. మూసిన గేటుకు ఎదురుగా, ఫుట్‌పాత్ మీద, ఎండలో పన్నెండు మంది వరుసగా కూర్చున్నారు. ఇంట్లో ఉతికి తెచ్చుకున్న నీలం ఏప్రాన్లు తొడుక్కుని, వెంట్రుక బయటికి రాకుండా తెల్ల టోపీలు బిగించుకుని, గేటు ఏ నిమిషాన తీసినా లేచి పనిలోకి నడవడానికి.