ఉమ్మడి సందు

మా పేటలో ఎవరైనా ఇల్లు కొంటున్నా, అమ్ముతున్నా ముందు మా గడప తొక్కుతారు. ఏ లాయరు దగ్గరికి పోవాలో అడగడానికి కాదు, ఏ లాయరు దగ్గరికి పోకూడదో వినడానికి. నేను చెబుతాను. చేతిలో పని పక్కన పెట్టి, మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. విన్నవాళ్ళెవరూ ఆ తర్వాత ఆదోనిలో ఆ లాయరు ఆఫీసు మెట్లెక్కలేదు. మా ఎమ్మిగనూరు నుంచి ఆయన దగ్గరికి పోవాల్సిన కాగితం ఒకటి ఆగిపోయిందని తెలిసిన రోజు నాకు అన్నం బాగా సయిస్తుంది.

నన్ను పగబట్టిన మనిషి అంటారు. అవును, పగబట్టాను. అందులో దాచుకునేదేమీ లేదు.

పెళ్ళయినప్పటి నుంచి మేం అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. మా ఆయన నేత నేస్తాడు. గుంతమగ్గం వేసుకోవాలంటే కాళ్ళు దించుకుని కూర్చునేంత గుంత నేలలో తవ్వాలి. అద్దె ఇంట్లో ఎవరు తవ్వనిస్తారు? పోనీలే అని తవ్వనిచ్చిన ఒకాయన కూడా ఖాళీ చేసేటప్పుడు గుంత పూడ్చి, పైన బండ పరిచి పొమ్మన్నాడు. అందుకని మా ఆయన వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేసేవాడు. సొంత ఇల్లు ఎందుకని అడిగితే ఆయన రెండే చెప్పేవాడు. గుంత తవ్వుకోవడానికి నేల, పడుగు సాచుకోవడానికి సందు.

చీరకు నిలువుగా వచ్చే పోగులే పడుగు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దానికి తిన్నగా, పొడుగ్గా ఉన్న చోటు కావాలి. పైగా అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పడుగు సాచిన పొద్దున ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. మన పని అయ్యాక వాళ్ళ పడుగు అక్కడే సాచుకుంటారు. అందుకే మా పేటలో ఏ ఇంటి పక్క సందునైనా ఉమ్మడి సందు అనే అంటారు. అది ఎవరి సొంతమో అందరికీ తెలుసు. అయినా ఉమ్మడి అంటారు. అది ఆ ఇంటివాణ్ణి మెచ్చుకుంటూ అనే మాట. నా సందులోకి ఎవరూ రావద్దనేవాణ్ణి మా దగ్గర మనిషి కింద జమకట్టరు.

చివరికి ఒక ఇల్లు దొరికింది. మట్టి మిద్దె. వానొస్తే రెండు చోట్ల కారేది. మా ఆయన లోపలికి కూడా పోలేదు. తూర్పు పక్క సందులో ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు వేసుకుంటూ నడిచి, తిరిగి వచ్చి, "సాలు" అన్నాడు. వంటిల్లు ఎలా ఉందో నేనే పోయి చూసుకున్నాను.

ఇక లాయరు. ఆయన్ను ఎంచుకోవడానికి మేం చూసింది ఒక్కటే, మనోడు. మా పేటలోనే పుట్టాడు. వాళ్ళమ్మ కూలికి నూలు కండెలు చుట్టి చదివించింది. ఆదోనిలో ప్రాక్టీసు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళకు వస్తే ముందు వరసలో కుర్చీ వేసేవాళ్ళం. అమ్మే ఆయన కూడా ఆ లాయరైతే బాగుంటుందన్నాడు. ఇద్దరికీ ఒకే మనిషి అయితే పని తొందరగా అవుతుందనుకున్నాం. ఆయన ఇంకెవరి పనులు చూస్తున్నాడో, ఆ చుట్టుపక్కల స్థలం మీద ఆయన వాళ్ళెవరికైనా కన్ను ఉందో అడగాలని మాకు తట్టనే లేదు. కుక్కరు కొనేటప్పుడు నేను అంతకన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగాను.

ఆదోనిలో ఆయన ఆఫీసుకు ఇద్దరం పోయాం. అమ్మే ఆయన ఇచ్చిన పాత కాగితాలు బల్ల మీద ఉన్నాయి. లాయరు అన్నీ తిరగేశాడు. ఒక కాగితం దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ఫైలు మూసి, కాఫీ తెప్పించి, మా ఆయన వైపు తిరిగాడు.

"తూర్పు పక్క సందు సంగతేందన్నా? సొంతమా, ఉమ్మడా?"

మా ఆయన సొంత ఇంటివాడు కాబోతున్నాడు. ఆ సంతోషంలో ఉన్నాడు. "మా కాడ అంతా ఉమ్మడే సార్. ఎవురొచ్చి పడుగు సాచుకున్యా కాదనం" అన్నాడు.

లాయరు నవ్వి రాసుకున్నాడు.

ఇల్లు నా పేరు మీదే కొన్నాం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టే ముందు దస్తావేజు నేను చదివాను. చదవకుండా పెట్టానని ఎవరూ అనుకోకూడదు. పదో తరగతి పాసయ్యాను. హద్దులు రాసిన చోట తూర్పుకు ఉమ్మడి సందు అని ఉంది. ఆ మాట చూసి నాకు సంతోషమేసింది. పక్కనే ఉన్న మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన కూడా నవ్వాడు. ఆయన మంచితనం సర్కారు కాగితం మీదికి ఎక్కిందని మురిసిపోయి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాను.

మా ఆయన గుంత తవ్వాడు. మగ్గం వేశాడు. ఒక ఏడాది ఆ సందులో మా పడుగులు, మా పేటవాళ్ళ పడుగులు ఆరాయి. నా కాపురంలో బాగున్న ఏడాది అది.

రెండో ఏడు సందుకు అవతలి పక్క ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నది ఎవరా అని చూస్తే లాయరు బామ్మర్ది. పాత ఇల్లు పడగొట్టి మిద్దె మీద మిద్దె లేపాడు. పైకి ఎక్కడానికి సిమెంటు మెట్లు లోపల వేసుకోలేదు, తెచ్చి సందు మధ్యలో దించాడు. మా ఆయన పోయి అడిగాడు.

"ఉమ్మడని మీ కాగితంలోనే ఉండాది గదన్నా. నా మెట్లు నా పాలులో నేనేసుకుంటాండా. నీకేం?" అన్నాడు బామ్మర్ది.

అప్పుడు గానీ ఆ మాటకు కాగితం మీద అర్థమేమిటో మాకు తెలియలేదు. మా పేటలో ఉమ్మడి అంటే రాండి అని. దస్తావేజులో ఉమ్మడి అంటే సగం వాడిది అని.

మళ్ళీ ఆదోని పోయాం. లాయరు కుర్చీలో వెనక్కు వాలి, "మీ ఆయన నోటితో ఏం సెప్పినాడో అదే రాసినానమ్మా. నా సొంత మాట ఒక్కటన్నా కలిపినానా?" అన్నాడు.

"నువ్వు మా పేటలో పుట్టినోడివి సార్. ఆ మాటకు మా కాడ అర్థమేందో నీకు తెలీదా?" అని అడిగాను.

"పేట అర్థాలు కోర్టుకు తెలీవమ్మా" అన్నాడు. అని, బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "నా నోరే" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు అదే మాట. అన్నం ముందు కూర్చుని నా నోరే అనేవాడు. ఎవరైనా పలకరిస్తే ఆలోచించి బదులు చెప్పేవాడు. సందు పోయిందని కాదు నాకు అంత మంట. నా మొగుడు తన మంచితనమే తప్పని నమ్మేటట్టు చేశాడే ఆ లాయరు, అందుకు. ఆ రోజు అనుకున్నాను, వీణ్ణి వదలకూడదని.

రెండో లాయర్ని వెతకడానికి ఒక్కదాన్నే పోయాను. ఆదోని కోర్టు దగ్గర ముగ్గురిని కలిశాను. మొదటాయన నేను కూర్చోకముందే మేం ఏ కులమో అడిగాడు. లేచి వచ్చేశాను. మనోడు అనే మాట మీద నాకప్పటికే రోత పుట్టింది. రెండో ఆయన మా లాయరు పేరు వినగానే "అయ్యో, మావోడే. నేను మాట్లాడి సర్దుతాలే" అన్నాడు. ఆయన దగ్గర్నుంచీ లేచాను. మూడో మనిషి ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది. నా కథ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, ముందు కాగితాలిమ్మంది. ఇవ్వకుండా, మా లాయరు పేరు చెప్పి నేనే అడిగాను.

"ఆయప్పతో గానీ, ఆయన బామ్మర్దితో గానీ మీకేమన్నా లావాదేవీ ఉండాదా మేడం?"

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "లేదు. ఈ మాట మొదటి లాయర్ని అడిగింటే నువ్వు ఈడికి వచ్చే పని ఉండేది కాదు" అంది.

కాగితాలు ఆమె మూడు రోజులు చదివింది. నాలుగో రోజు పిలిపించి, మేం ఎప్పుడూ విప్పి చూడని ఆ పాత కాగితాల్లోంచి ఒక దస్తావేజు తీసి ముందు పెట్టింది. మాకు అమ్మినాయన తండ్రి ఎప్పుడో కొన్నప్పటిది. హద్దులు రాసిన చోట వేలు పెట్టి చదవమంది. తూర్పుకు, ఈ ఇంటికి చేరిన సొంత సందు. నేను రెండుసార్లు చదివాను.

అంటే ఆ రోజు లాయరు ఆగి చూసింది ఈ కాగితాన్నే. సొంతమని చూశాడు. చూసి, ఫైలు మూసి, సొంతమా ఉమ్మడా అని మా ఆయన్ను అడిగాడు. మా పేట మనిషి ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడో తెలిసే అడిగాడు. పై ఊరి లాయరుకు ఆ ఆలోచన వచ్చేదే కాదు. మనోడు కాబట్టే వచ్చింది.

కేసు వేశాం. వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ పోయాను. పోవాల్సిన పని లేకున్నా పోయాను. కోర్టు వరండాలో ఆయనకు ఎదురుగా కనబడేటట్టు కూర్చునేదాన్ని. తిరిగొచ్చి పేటంతా చెప్పేదాన్ని. బోరింగు దగ్గర చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. ఒక పెళ్ళిలో ఆయనకు ముందు వరసలో కుర్చీ వేయబోతే, నేను పోయి అందులో కూర్చున్నాను. నన్ను లెమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. నేను రెండుసార్లు పాయసం వేయించుకున్నాను.

పోయిన ఏడాది బామ్మర్దికి ఇల్లు అమ్ముకునే అవసరం పడింది. కోర్టులో ఉన్న ఇల్లు ఎవరు కొంటారు? అప్పుడు లాయరే మా ఇంటికి వచ్చాడు. పుట్టిన పేటకు ఆయన నడిచి రావడం చాలా ఏళ్ళ తర్వాత అదే.

"మెట్లు పగలగొట్టిస్తాం. సందంతా మీదేనని మావోడు రిజిస్టరు కాగితం రాసిస్తాడు. నువ్వు రాజీ మీద సంతకం పెట్టమ్మా" అన్నాడు.

మా ఆయన గోడకు ఆనుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడ్డాడు. నేను చూశాను.

"పెడతా. ఆదివారం పొద్దున సందులో నిలబడి, మా పేటోళ్ళందరి ముందర ఒక్క మాట సెప్పు. పాత కాగితం సూసే ఆ మాట అడిగినానని" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "అది తప్ప ఏదన్నా అడుగమ్మా. ఆ మాటంటే ఇంగ నా కాడికి ఎవురొస్తారు?"

"అందుకే అడుగుతాండా."

మా లాయరమ్మకు చెబితే తిట్టింది. కోర్టులో గెలిచినా ఇంతకన్నా ఒక్క అంగుళం ఎక్కువ రాదంది. "పోయి సంతకం పెట్టు. నేను నీ ఇంటికి లాయర్ని, నీ పగకు కాదు" అంది. ఆలోచిస్తానని చెప్పి వచ్చాను. ఆలోచించలేదు.

అప్పటికే మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. మెట్లు పడ్డ కొత్తలో మా ఆయన పడుగు భుజాన వేసుకుని వేరే వీధుల్లో సాచుకునేవాడు. ఎవరూ కాదనలేదు గానీ, ఒకరి సందులోకి పోయి నిలబడి అడగడం ఆయన వల్ల కాలేదు. గుంత మీద చెక్కలు పరిచేశాడు. ఆదోనిలో దూది మిల్లు పనికి కుదిరాడు.

లాయరు వచ్చిపోయాక పది రోజులు మా ఆయన నన్నేమీ అడగలేదు. పదకొండో రోజు చెక్కల మీద కూర్చుని అన్నాడు.

"నాకు సందు కావల్ల. నీకు ఆయప్ప కావల్ల."

నేను లేచి వంటింట్లోకి పోబోయాను.

"ఇల్లు నీ పేరు మీద ఉండాది. ఇంగ నేనడగను" అన్నాడు. మాట మీద నిలబడే మనిషి, మళ్ళీ అడగలేదు.

లాయరు ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. రెండోసారి చేతులు జోడించాడు. నేను ఆయన చేతులకేసి చూస్తూ, ఆ ఒక్క మాట చెప్తావా అన్నాను. తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన నడుము వంగింది. అది చూస్తే నాకు కలిగిన తృప్తి ఇంత అని చెప్పలేను. సిగ్గు కూడా ఉంది. తృప్తే ఎక్కువగా ఉంది.

ఆయన వదిలిపోయిన రాజీ కాగితం మా ఇంట్లోనే ఉంది. నేను సంతకం పెడితే వారంలో మెట్లు పోతాయి. ఇది రాస్తున్న రోజుకు కూడా పెట్టలేదు.

పొద్దున బస్సుకు మా ఆయన ఆదోని పోతాడు. సద్ది నేనే కట్టిస్తాను. సాయంత్రం మిల్లు నుంచి వచ్చేటప్పటికి జుట్టంతా దూది అంటుకుని ఉంటుంది. దులుపుదామని చెయ్యి చాపితే పక్కకు జరుగుతాడు.