మాబూబీ కూర్చున్న చోటు

మాబూబీకి కోపమొస్తే కూర్చుంటుంది. అరవదు, తిట్టదు, ఉన్నచోటే చతికిలబడుతుంది. మిర్చి గోడౌనులో ఏళ్ల తరబడి కూర్చుని తొడిమలు తీసిన మనిషి, ఆమెను లేపడం ఎవరి తరం? కూలి పెంచమని ఒకసారి గోడౌను గుమ్మంలో కూర్చుంటే, పాపం షావుకారు కిటికీ దూకి ఇంటికెళ్లాడు.

మొన్న వాగు పొంగి ఆమె వీధిని ఊడ్చేసింది. ఇంటికి పునాది ఒక్కటే మిగిలింది. దానిమీదే మళ్లీ గోడలు లేపుకోవాలి, అంతే ఆమె కోరిక. ఊరిని ఎలా బాగుచేయాలో జనమే చెప్పాలంటూ సర్కారు ఆఫీసువాళ్లు బడి ఆవరణలో మీటింగు పెట్టారు. ఇంజనీరు జయరావు నేలంతా ముగ్గుతో ఊరి పటం గీయించి, మునిగే చోట్ల ఎండుమిరపకాయలు పెట్టమన్నాడు. ఆడవాళ్లు అలవాటు కొద్దీ తొడిమలు తీసి మరీ పెట్టారు.

మాబూబీ వీధంతా ఎర్రబడింది.

"అక్కడ ఇళ్లు కట్టనివ్వమండి. మీకు కొండ దగ్గర స్థలమిస్తాం," అన్నాడు జయరావు.

"నన్నడగరా?"

"అడుగుతున్నాంగా. కొండకు ఈ పక్క కావాలా, ఆ పక్క కావాలా?"

ఆమెకు ఒళ్లు మండింది. తిన్నగా ముగ్గులోకి నడిచి తన ఇంటి మీద కూర్చుంది. అందరూ బతిమాలారు. "లెగు ఆపా, మా ఇల్లు నీ కాలికింద ఉంది," అన్నాడు పొరుగింటి గౌస్ బాషా. కాలు కాస్త జరిపింది గానీ లేవలేదు. చేసేది లేక ఆమెతో సహా పటాన్ని డ్రోన్‌తో ఫొటో తీసి, ప్లాన్లు గీసే ఆఫీసుకు పంపారు.

అక్కడెవరో మహానుభావుడు ఆమె ఆకుపచ్చ చీర చూసి దిబ్బ అనుకున్నాడు. ప్లాను వచ్చింది. వాగు పక్కన పచ్చటి దిబ్బ, కింద పెద్దాఫీసర్ల సంతకాలు. మార్చాలంటే మళ్లీ జనాన్ని పిలవాలి. పిలిస్తే మాబూబీ కూడా వస్తుంది. అంత గుండె ఎవరికుంది? దిబ్బే కట్టేద్దామనుకుని, ఆమె గోడౌనుకెళ్లిన పూట చూసి, చీమకుర్తి రాతి క్వారీల నుంచి లారీల్లో రాళ్లముక్కలు తెచ్చి ఆమె పునాది మీద పోశారు. పైన మట్టి సర్దారు. ఆ రోజు మాత్రం ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఇటుకలు మోసుకుంటూ దిబ్బెక్కింది. జయరావు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇది దిబ్బండి. దీనిమీద ఇల్లు కట్టకూడదు."

"ఫొటోలో ఈ దిబ్బ ఎవరు?"

"మీరేనండి."

"మరి నామీద నేను కట్టుకుంటుంటే మధ్యలో మీకేంటి నొప్పి?"

అని, ఇటుకలు పక్కన పెట్టి కూర్చోబోయింది.

"వద్దమ్మా, కూర్చోకండి," అన్నాడు జయరావు. "కట్టుకోండి."