నేను చూడని మచ్చలు

ఆ పేట వాళ్ళు నన్ను ఊరిని కాపాడిన మేస్టారంటారు. పలాస బస్టాండులో ఎవరైనా ఎదురుపడితే చేతిలో సంచీ లాక్కుని మరీ మోస్తారు, వద్దన్నా టీ ఇప్పిస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ పొగడ్త వెనకే ఇంకో మాట కూడా వస్తుంది. "ఆ అప్పే తప్పు సేసీసినాది గానీ, ఆ ఏడు ఒక్క పేణం కూడా పోకుండును" అంటారు. అప్ప ఏ తప్పూ చేయలేదు. ఆ సంగతి అప్పట్లో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, తెలిసీ నోరు మూసుకుని బతికినవాణ్ణి కూడా నేనే.

అరవైల చివరి మాట. నేను టెక్కలిలో పుట్టి పెరిగాను. మాది బాప్టిస్టు కుటుంబం, నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. ట్రైనింగు అయిన వెంటనే అక్కుపల్లి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక చేపలపేటలో బడి చూసుకోమని పంపారు. బడికి మేస్టర్ని నేనొక్కణ్ణే. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఊరంతటిలో పేపరు చదవగలిగినవాణ్ణి నేనేనన్న గర్వం బాగా ఉండేది. నాకు రెండు పూటలా అన్నం పెట్టింది బడి పక్కింటి ఆవిడ. భర్త వేటకెళ్ళి తిరిగిరాలేదు. ఒక్కత్తే కూతురు, దాన్ని జలంత్రకోట వైపు ఇచ్చి పెళ్ళి చేసింది. "నన్ను అప్పా అని పిలు బాబూ, నాకు తమ్ముళ్ళు లేరు" అంది వచ్చిన మొదటి వారంలోనే. మా వైపు అక్కను అప్ప అంటాం. నాకూ అక్కల్లేరు, అందుకని ఆ పిలుపు తొందరగానే అలవాటైంది.

నేను వెళ్ళిన రెండేళ్ళకి, ఎండాకాలంలో ఖరగ్‌పూర్‌లో కూలిపని చేసుకునే ఒక కుర్రాడు జ్వరంతో ఇంటికి వచ్చాడు. నాలుగోరోజుకి ముఖం, చేతులు నిండా పొక్కులు. గడపకి వేపమండలు కట్టారు. ఆ ఇంట్లో తాలింపు మానేశారు, తల దువ్వుకోవడం మానేశారు, గొంతెత్తి మాట్లాడటం మానేశారు. తల్లి దిగింది అన్నారు. అది మశూచి అని నాకు చూడగానే తెలిసింది. టెక్కలిలో చిన్నప్పుడు చూశాను. నా చేతిమీద టీకా మచ్చ ఉంది కాబట్టి నాకు భయం లేదు. ఆ పేటలో మాత్రం టీకా మచ్చ ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు. టీకాలవాళ్ళు వస్తున్నారని తెలిస్తే చాలు, పిల్లాజెల్లతో సహా పడవలెక్కి నీళ్ళమీదికి పోయి, సాయంత్రం వాళ్ళు విసిగి వెళ్ళిపోయాకే ఒడ్డుకి వచ్చేవారు.

వలలు ఆరేసే పాకలో కులపెద్ద ఊరి జనాన్ని కూడేశాడు. పెద్దాయన నెమ్మదస్తుడు, తక్కువ మాట్లాడేవాడు.

"ఏటి సేద్దారి మేస్టారూ? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు" అన్నాడు.

ఇది అంటుజబ్బు, ఆ కుర్రాణ్ణి దూరంగా పెట్టాలి అని నేను నేరుగా అనివుంటే నన్ను ఆ పూటే ఊళ్ళోంచి గెంటేసేవారు. తల్లిని జబ్బు అనడమే అపచారం. అందుకని తెలివితేటలు చూపించాను. తల్లి ఏకాంతం కోరుతోంది, జనం అడుగుల చప్పుడు పడకూడదు, సరుగుడు తోటలో చల్లగా ఒక పాక వేసి అక్కడ కొలువుంచుదాం, నలభై రోజులు పొలిమేర దాటి ఎవరూ రాకూడదు, పోకూడదు అన్నాను. ఆదివారం చర్చిలో పాటలు పాడే నోటితోనే అన్నాను. అందరూ తలలూపారు. పెద్దాయన అప్పటికప్పుడే మొగలి కంపలు కొట్టించి దారికి అడ్డం వేయించాడు. నా మాట ఇంత బాగా పనిచేసిందని లోలోపల పొంగిపోయాను.

ఇక ఆ పాకలో ఉండి సేవ చేసేదెవరు? ఒకసారి తల్లి వచ్చిపోయిన మనిషికి మళ్ళీ రాదని ఆ పేటలో అందరికీ తెలుసు. వాళ్ళ నమ్మకాల్లో డాక్టర్లు కూడా ఒప్పుకునేది అదొక్కటే. కానీ ముఖం నిండా గుంటలున్న మనిషి ఊళ్ళో ఒకే ఒక ముసలాయన, ఆయనకి రెండు కళ్ళూ లేవు. అప్పుడు అప్ప లేచి నిలబడింది.

"నాకు సిన్నప్పుడే వచ్చి ఎల్లిపోనాది తల్లి. నాను ఎల్తాను" అంది. వెంటనే నావైపు తిరిగి, "మరి నువ్వు కూడెక్కడ తింతావు బాబూ?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నేను అడగవలసిన ప్రశ్న ఒకటి అడగలేదు. తల్లుల్లో ఇద్దరున్నారు, పెద్దమ్మవారు, చిన్నమ్మవారు. మశూచి పెద్దమ్మవారు. పిల్లలకి వచ్చి వారంలో ఎండిపోయే ఆటలమ్మ చిన్నమ్మవారు. పుస్తకం ప్రకారం రెండూ వేర్వేరు జబ్బులు, చిన్నది వచ్చినంత మాత్రాన పెద్దది రాకుండా పోదు. కానీ ఆ పేటలో అక్కయినా చెల్లెలైనా ఒకే తల్లి, ఎవరొచ్చినా ఇల్లు చూసి వెళ్ళినట్టే. నీకు వచ్చింది పెద్దామెనా, చిన్నామెనా అని తరచి అడగడం తల్లుల మధ్య తగువు పెట్టడమంత పాపం. వాళ్ళు అడగకపోవడంలో వింత లేదు. నాకు తెలుసు కదా, నేను అడగాలి. తల్లి ఏకాంతం కోరుతోందని అంతకు ముందే చెప్పిన నోటితో మళ్ళీ జబ్బుల లెక్క తీయడానికి నోరు రాలేదు.

మర్నాడు నేనే, టీకా ఉన్నవాణ్ణి కాబట్టి, పెద్దాయన్ని ఒప్పించి తెల్లారకుండా బయల్దేరి పలాస వెళ్ళి టీకాలవాళ్ళకి కబురు చెప్పాను. టీకా వేసే ఆయన మూడోరోజున సైకిలు తోసుకుంటూ ఇసకలో వచ్చాడు. పెద్దాయన అంతకు ముందే ఊళ్ళో తెడ్లన్నీ తన ఇంట్లో పెట్టించి తాళం వేశాడు. ఎవరూ పడవ ఎక్కే వీల్లేకపోయింది. తిట్టుకుంటూ, ఏడుస్తూ వరసలో నిలబడ్డారు. ఆయన చిన్న ములుకుల బిళ్ళ చేతిమీద పెట్టి తిప్పుతుంటే ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని తల్లిని తలుచుకున్నారు. మధ్యాహ్నానికి పేటంతా అయింది. తోటలో పాక మిగిలింది.

"లోపల ఆవిడకి కూడా వేసేస్తాను" అన్నాడాయన. "ఈ రెండు మూడు రోజుల్లో అయితే ఇంకా పనిచేస్తుంది."

అప్పటిదాకా ఊరుకున్న జనం అక్కడ అడ్డం తిరిగారు. "తల్లి కొలువున్న కాడ ఇనప ములుకులు సూపిత్తారేటి!" అని ఒక ముసలమ్మ గొంతెత్తింది. వెనక మగవాళ్ళు కూడా గొణగడం మొదలెట్టారు. పెద్దాయన నాకేసి చూశాడు. ఇంత కష్టపడి ఒప్పించినదంతా చెడిపోతుందని, మర్నాడు కంపలు పీకి పారేసి ఎవరి దారిన వాళ్ళు పోతారని నాకు భయం వేసింది.

టీకా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఆవిడకి ముందు పెద్దమ్మవారే వచ్చిందాండీ? ఒంటిమీద గుంటలు మీరు చూశారా?"

"చూశాను" అన్నాను.

చూడలేదు. రెండేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నాను, ఆవిడ ఒంటిమీద ఏ మచ్చ ఉందో నాకు తెలియదు. ఆయన సరే అని సంచీ సర్దుకున్నాడు. నన్ను నమ్మడం ఆయన తప్పు కాదు. జనం చల్లబడ్డారు, పెద్దాయన భుజం తట్టాడు, ఆ పూట నేను ఏదో గెలిచినవాడిలా ఇంటికి నడిచాను.

ఆ తర్వాత పది రోజులు అన్నీ నేననుకున్నట్టే జరిగాయి. టీకా పడకముందే అంటుకున్న ఇద్దరికి పొక్కులు లేస్తే వాళ్ళనీ పాకకి చేర్చాం. ఇంకెవరికీ రాలేదు. రోజూ పొద్దున్న తోట చుట్టూ వేసిన ముళ్ళకంచె దగ్గర చల్ది కుండ, కొబ్బరిబొండాలు పెట్టి దూరంగా నిలబడితే అప్ప వచ్చి తీసుకునేది. అక్కణ్ణుంచే నన్ను వేళాకోళం చేసేది. "సిక్కిపోనావు బాబూ, నీ వంట నువ్వే తినలేకపోతన్నావేటి?" అని అడిగేది. ముగ్గురికీ పుళ్ళు అంటుకోకుండా అరటాకుల మీద పడుకోబెట్టి, రాత్రింబవళ్ళు వేపమండతో విసిరిందట. ఆ ముగ్గురూ బతికారు. అది టీకా గొప్ప కాదు, నా గొప్ప అసలే కాదు.

పన్నెండోరోజునో పదమూడోరోజునో అప్ప కంచె దగ్గరికి రాలేదు. ఖరగ్‌పూర్ కుర్రాడు, పుళ్ళు ఇంకా పూర్తిగా రాలని మనిషి, వచ్చి కుండ అందుకున్నాడు. "అప్పకి ఒల్లు కాలిపోతంది మేస్టారూ" అన్నాడు. ఇంకో మూడు రోజులకి, వద్దన్నా వినకుండా, అప్పే ఆ కుర్రాడి భుజం పట్టుకుని కంచెదాకా వచ్చింది. ముఖం పోల్చుకోలేకపోయాను.

"తల్లి నాకు మళ్ళీ వచ్చీసినాది బాబూ" అంది. "ఒకపాలి వచ్చినోలికి రాదంతారు గదా. అప్పుడైతే మూడ్రోజులకే ఎండిపోనాదట, ఆడుకుంతా తిరిగీసేనట, మాయమ్మ సెప్పీది. అంత దయగల తల్లి ఇప్పుడెందుకిలాగ సేసినాది? నానేటి తప్పు సేసీసేను?"

మూడు రోజులు, ఆడుకుంటూ తిరిగింది. అది ఆటలమ్మ. కంచె కంప పట్టుకుంటే ముళ్ళు దిగినా వదల్లేదు.

అప్ప ఆగి ఆగి మళ్ళీ అంది. "ఒకరోజు ఆకలికి ఓర్సుకోలేక ఎండుసేప ముక్క కాల్సుకుని తినీసేను బాబూ. తల్లి కాడ నీసు తినకూడదు గదా. అందుకేనేటి?"

అప్పుడే చెప్పేయాల్సింది. అది కాదప్పా, నీకు చిన్నప్పుడు వచ్చింది వేరే జబ్బు, నేను చూడకుండా చూశానన్నాను, తప్పు నాది అని చెప్పాల్సింది. పక్కనే ఆ కుర్రాడున్నాడు, వెనక దూరంగా పెద్దాయన, మరో నలుగురు నిలబడ్డారు. ఆ మాట వాళ్ళ చెవిన పడితే ఇక నన్నెవరు నమ్ముతారు, కంచె ఎవరు నిలవనిస్తారు అని లెక్క వేసుకున్నాను. ఇంకా ఇరవై రోజులు గడవాలి. సరే, ఆ లెక్కలో సగం ఊరికోసమే కావచ్చు. మిగతా సగం నాకోసమే.

"పడుకో అప్పా, తగ్గిపోతుంది" అన్నాను.

ఆ వారంలోనే అప్ప కూతురు వచ్చింది. అమ్మకి బాగోలేదని ఎవరో కబురు చేశారట. నెత్తిన బొండాల గంప, ఏడోనెల కడుపు. పొలిమేర కంపల దగ్గర నేనే ఆపాను. టీకా లేదు, కడుపుతో ఉంది, లోపలికి పంపితే రెండు ప్రాణాలు పోతాయి. నా నిర్ణయాలన్నిటిలో అదొక్కటే తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ పిల్ల ఎండలో ఇసక మీద కూలబడి, "దూరంనుంచి ఒకపాలి సూపించండి, ముట్టుకోను" అని బతిమాలుతుంటే కాదని చెప్పిన మనిషి ఎలాంటివాడో, ఆ మనిషిని నేనే కాబట్టి, నాకు తెలుసు. సాయంత్రందాకా కూచుని, గంప అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ బొండాల్లో నీళ్ళు అప్ప గొంతు దిగలేదని ఆ కుర్రాడు చెప్పాడు. రెండు రోజులకి పోయింది. పోయేదాకా ఆ ఎండుచేప ముక్క గురించే కలవరించిందట.

తోటలోనే పూడ్చారు. తల్లి వచ్చి చనిపోయినవాళ్ళని కాల్చకూడదు. పుళ్ళు రాలిన ముగ్గురే మోశారు, నేను కంచె ఇవతల నిలబడ్డాను. నలభై రోజులు నిండాక పాక తగలబెట్టారు, తలంట్లు పోసుకున్నారు, అమ్మవారికి ముర్రాటలని పసుపునీళ్ళ కుండలు పోశారు. పెద్దాయన నా మెళ్ళో దండ వేశాడు. ఎండుచేప సంగతి ఆ కుర్రాడు నలుగురిలో చెప్పాడు, చెడు ఉద్దేశంతో కాదు, విన్నది విన్నట్టు చెప్పాడు. ఊరు అదే పట్టుకుంది. వాళ్ళకి ఒక కారణం కావాలి, దొరికింది. నాకూ దొరికింది, దండ మెళ్ళో ఉండగా ఊరుకున్నాను.

ఏడాది తిరక్కుండా బదిలీ పెట్టించుకుని టెక్కలి వచ్చేశాను. మా పాస్టరుగారితో ఒకసారి అంతా చెప్పుకున్నాను. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మనసు కొంచెం తేలికైందనుకున్నాను, వారం కూడా నిలవలేదు.

మూడేళ్ళ తర్వాత పలాసలో జీడిగింజలు ఒలిచే షెడ్డు బయట అప్ప కూతురు కనిపించింది. జీడిపాలకి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. అక్కడే కూలికి వస్తోంది. బాగా చిక్కిపోయింది. గోడనీడన కూచుని అన్నం మూట విప్పింది. అన్నం, మిరపకాయ.

"చేపలపేటలో పుట్టి ఇదేం తిండమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నీసు మానీసేను మేస్టారూ. మాయమ్మ సేసిన తప్పుకి. ఏటేటా తల్లికి ముర్రాటలు పోసి, మాయమ్మని కాయమని దండం పెడతన్నాను" అంది.

ఇక ఆగలేకపోయాను. అక్కడే, ఆ గోడ పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. ఆటలమ్మ, టీకా ఆయన అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, కంచె దగ్గర అప్ప అడిగినది, నేను పడుకోమన్నది. మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు తల్లీ అన్నాను. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆ పిల్ల అన్నం మూట మళ్ళీ కట్టేసుకుంది, తినలేదు. లేచి నిలబడి, గొంతు పెంచకుండానే అడిగింది.

"ఇదంతా మాయమ్మ అడిగినప్పుడు సెప్పాల గదా మేస్టారూ. నాకెందుకు సెప్తన్నారు?"