ట్యూబులైటు గారి చేతులు

ఆయనకి ఆ పేరు పెట్టింది కంపెనీ వ్యాను డ్రైవరు. దీపాలతో పని చేస్తాడని కొంతా, జోకు వేస్తే రెండు వీధులు దాటాక నవ్వుతాడని కొంతా. మొదట్లో చాటుగా అనుకునేవారు. తర్వాత ఎదురుగానే "ట్యూబులైటు గారూ" అని మర్యాదగా పిలవడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి మొర పెట్టుకుంటే భార్య, "ఆ పేరు పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి. ఇన్నేళ్లు కాపురం చేసి నాకు తట్టలేదు చూడండి" అంది. ఆయన నొచ్చుకున్నాడు. అదీ భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నప్పుడు.

ఆయన పని చూడ్డానికి చాలా సులువు. మనిషెత్తు స్తంభం చుట్టూ గాజు గొట్టాలు, కింద చక్రాలు. తోసుకెళ్లి గది మధ్యలో నిలబెట్టి, బయటికొచ్చి తలుపు మూసి స్విచ్చి నొక్కడమే. లోపల నీలంగా వెలుగుతుంది. ఆ నీలం మన కంటి తృప్తికి. అసలు పని చేసేది దాంతోపాటు వచ్చే, మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి. అది పడ్డచోట క్రిమి బతికి బట్టకట్టదు. పొద్దున్నే పాల ప్యాకెట్లు నడిచే బెల్టు, ఆ తర్వాత డిపోలో బస్సు సీట్లు, సినిమా హాలు కుర్చీలు, క్షవరశాలల దువ్వెనలూ కత్తెర్లూ, ఆస్పత్రిలో రోగులు ఖాళీ చేసిన గదులు. అన్నిటికీ ఒకటే వెలుగు.

ఈ పనిలో ఆయనకి శత్రువు క్రిమి కాదు, నీడ. వెలుగు వంకర తిరగదు. మంచం కోడు వెనకో, తలుపు పిడి అవతలి వైపో కాస్త నీడ పడిందంటే, క్రిములు అక్కడ కాళ్లు బారజాపుకుని కూర్చుంటాయి. అందుకని స్తంభాన్ని ఒక మూల వెలిగించి, ఆర్పి, ఇంకో మూలకి జరిపి మళ్లీ వెలిగించాలి. అందరూ జరిపిన దానికంటే ఆయన ఒక జరుపు ఎక్కువే జరిపేవాడు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పేవాడు: "ఇది వస్తువులకే బాబూ, మనుషులకి కాదు. ఒంటి మీద పడితే కమిలిపోతుంది. కళ్లలో పడితే ఇసక పోసినట్టుంటుంది."

అంత తెలిసిన మనిషి ఇంట్లో మాత్రం హద్దు ఎరగడు. కూతురు చిన్నదిగా ఉన్నప్పుడు, కంపెనీ పారేస్తున్న పాత దీపం పెట్టె ఒకటి ఇంటికి తెచ్చాడు. ఆదివారం వచ్చిందంటే చెంచాలూ తాళాలూ దువ్వెనలూ అందులోకి వెళ్లాల్సిందే. కూతురి ప్లాస్టిక్ బొమ్మ కూడా. గులాబి బుగ్గల బొమ్మ. వెలుగు తిని తిని ఆ బుగ్గలు పసుప్పచ్చగా మారాయి. ఒళ్లంతా పెళుసెక్కింది. ఒకరోజు పిల్ల గట్టిగా వాటేసుకుంటే దాని చెయ్యి పుటుక్కున ఊడి చేతిలోకొచ్చింది. పిల్ల ఏడుస్తుంటే ఈయన, "అయితేనేంరా తల్లీ, ఒక్క క్రిమి లేని చెయ్యి" అని సముదాయించాడు.

ఆస్పత్రి పని చేసి వచ్చిన రోజు మరీ ఘోరం. పిల్ల గుమ్మంలోకి పరుగెత్తుకొస్తే రెండు చేతులూ ముందుకి చాపి, "దూరం, దూరం!" అని అరిచేవాడు. స్నానం చేసి, గోళ్ల సందులు తోముకుని, బట్టలు మార్చుకుని వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది.

ఆ పిల్లకి పెళ్లయింది. ఊళ్లోనే కాపురం. ఈమధ్యనే నెలలు నిండకుండా మగపిల్లాణ్ణి కంది. వాడు పుడుతూనే ఆస్పత్రిలో గాజుపెట్టెలోకి వెళ్లి, బాగా కోలుకున్నాక ఇంటికొచ్చాడు. అంటువ్యాధుల దగ్గర పనిచేసేవాళ్లు కొన్నాళ్లు పిల్లాణ్ణి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అందరూ ఎత్తుకున్నారు. తాతగారు ఒక్కడే గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చూశాడు.

ఊరికే కూర్చోలేక ఒకసారి ఆ పాత పెట్టె సంచిలో పెట్టుకుని కూతురింటికి పట్టుకెళ్లాడు. పాలసీసా మూతలతోపాటు, కిటికీలో గిన్నెలో ఉన్న వియ్యంకుడి కట్టుడుపళ్లు కూడా అందులో పెట్టేశాడు. అడక్కుండా. పాపం ఆ పెద్దమనిషి భోజనం ముందు కూర్చుని, బోసినోటితో "నా ఫల్లేవీ?" అంటూ ఇల్లంతా వెతికించాడు. ఆ రోజుతో ఆ పెట్టెకి ఆ ఇంట్లో ప్రవేశం లేకుండా పోయింది.

అల్లుడికి బదిలీ అయింది. రెండు పగళ్లు రైల్లో కూర్చుంటే గాని రాని ఊరు. వెళ్లేముందు కూతురు ఫోను చేసింది.

"ఆదివారం అమ్మా నువ్వూ రండి నాన్నా. డాక్టర్ని అడిగాను, పర్లేదన్నాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని వస్తే ఎత్తుకుందువుగాని. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో."

"అలాగేనమ్మా," అన్నాడు.

చిక్కేమిటంటే, ఆ వారం ఆయన పని ఆస్పత్రి అంటుగదుల్లో పడింది. మందులకి లొంగని క్రిమి తగులుకున్న రోగుల గదులు. చేతి తొడుగులు వేసుకునే చేశాడు. సబ్బుతో కడిగాడు. మళ్లీ కడిగాడు. అరచెయ్యి ముడతలు చూసుకుంటే ప్రతి ముడతలోనూ నీడే కనిపించింది. సబ్బు మీద ఆయనకి జన్మలో నమ్మకం లేదు. నమ్మకమల్లా వెలుగు మీదే.

కంపెనీ షెడ్డులో దువ్వెనలకీ కత్తెర్లకీ వాడే దీపం అలమారా ఒకటుంది. తలుపు తీస్తే దీపం దానంతట అదే ఆరిపోతుంది. ఆయన దీపాన్ని ఆర్పే ఆ స్విచ్చి అణిగే ఉండేలా టేపు అంటించి, తలుపు తెరిచే ఉంచి, రెండు చేతులూ లోపల పెట్టాడు. వేళ్లు విడదీశాడు. అరచేతులు తిప్పాడు. సందుల్లో ఎక్కడైనా నీడ మిగిలిందేమోనని వంగి మరీ చూశాడు. ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా ఏ గదికీ చేసి ఉండడు.

ఆ రాత్రికి కళ్లలో ఇసక పడింది. చేతులు కాలిన దోసె పెనం మీద పెట్టినట్టు భగ్గుమన్నాయి. భార్య తడిగుడ్డ కళ్లమీద వేసి ఆరా తీసింది. ఆయన చెప్పాడు.

"అందరికీ పాఠాలు చెప్పే పెద్దమనిషి! కూరముక్కలు వేయించినట్టు చేతులు వేయించుకొచ్చారా?"

"పిల్లాడి కోసమే."

ఆవిడ గుడ్డ మళ్లీ తడిపి తెచ్చింది.

ఆదివారానికి కళ్లు తేరుకున్నాయి గాని, చేతుల మీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వేళ్లు మడుచుకుని భార్యతో వెళ్లాడు. ఆయన్ని చూడగానే వియ్యంకుడు తన పళ్లగిన్నె తీసి పై అరలో పెట్టుకున్నాడు. తర్వాత చేతులు చూశాడు.

"ఏంటి బావగారూ, చేతులు ఉడకేసుకొచ్చారు?"

"వేడినీళ్లు పడ్డాయి లెండి."

కూతురు లోపల్నుంచి పిల్లాణ్ణి ఎత్తుకుని నవ్వుతూ వచ్చింది. ఇవ్వడానికని వంగింది. ఆయన చేతులు చాపాడు. ఒక పొర ఊడి పిల్లాడి తెల్లటి గుడ్డ మీద రాలింది. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నాన్నా, ఈ వారం ఎక్కడ పని చేశావు?"

అబద్ధం రెండోసారి ఆడటం ఆయనకి చేతకాదు. "అంటుగదుల్లో," అన్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, పిల్లాణ్ణి గుండెకి హత్తుకుంది. ఆమెకి తెలియకుండానే ఖాళీ చెయ్యి ముందుకి లేచింది.

"దూరం నాన్నా, దూరం."

ఆ మాట ఎవరిదో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఈసారి ఆయనకి ఆలస్యం కాలేదు.

"అది రోగం కాదే," అంది తల్లి ఉండబట్టలేక. "నీ కొడుకుని ఎత్తుకోవాలని చేతులు ఆ దీపం కింద పెట్టుకుని కాల్చుకున్నారు మీ నాన్న."

"వస్తువులకే, మనుషులకి కాదని నువ్వే చెప్పేవాడివి కదా నాన్నా," అంది కూతురు. "నాకు ఇవ్వాలనే ఉంది. కానీ పచ్చి చర్మం మీద ఏది పట్టుకుని ఉంటుందో ఎవరికి తెలుసు. వీడు మొన్నమొన్నటిదాకా గాజుపెట్టెలో ఉన్నాడు."

"వద్దమ్మా. నువ్వన్నదే సరి," అన్నాడాయన. నిజంగానే సరి. అందుకే మరీ కష్టమనిపించింది.

ఆయన గుమ్మం దగ్గర తన మామూలు కుర్చీలో కూర్చున్నాడు. కూతురు కిటికీ పక్కన కూర్చుంది. సాయంకాలపు ఎండ ఏటవాలుగా లోపలికి వస్తోంది. పిల్లాడి నీడ గచ్చు మీద సాగి, ఈయన కాళ్లదాకా వచ్చి ఆగింది. తలా, తలపక్కన పైకెత్తిన చిన్న పిడికిలీ. ఆయన చూసీ చూడనట్టు ఉన్నాడు. కూతురు మాత్రం చూసింది. లేచి నిలబడి, పిల్లాణ్ణి కాస్త పైకి ఎత్తింది. నీడ ఆయన మోకాళ్ల మీదుగా ఒళ్లోకి ఎక్కింది.

ఆయన మెల్లగా రెండు చేతులూ తెరిచి దాని కింద పెట్టాడు. పొరలు లేచిన అరచేతుల్లో ఆ తల కదులుతోంది. మంచం కోళ్ల వెనక, కుర్చీల కింద ఎక్కడ కనిపించినా తరిమి తరిమి కొట్టిన నీడ. ఇప్పుడు అది చెదిరిపోతుందేమోనని ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు.

వియ్యంకుడు ఎండకి అడ్డం రాకుండా తన కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

ఎదురుమేడ వెనక్కి ఎండ దిగిపోయింది. కూతురు చేతులు నొప్పి పుట్టి పిల్లాణ్ణి దించుకుంది. ఆయన మాత్రం చేతులు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. భార్య వచ్చి, "లేవండి, బస్సు పోతుంది" అనేదాకా.